మంచునీటిలో ఈక గాలము

గాలము వేసి చేపను పట్టుట ఎరుగని బాలుడు మన పల్లెలలో ఉండడు. వెదురు గెడ, నూలు త్రాడు, నీటిపై తేలుటకు ఒక బెండుముక్క, కొక్కెమునకు గ్రుచ్చిన ఎర్ర. సరంజామా అంతటితో సరి. చేప నిజముగనే ఆకలితో వచ్చును, నిజమైన ఆహారమునే నోట కరచును. ఐరోపా ఖండపు కొండవాగుల ఒడ్డున శతాబ్దుల తరబడి సాగుచున్న విద్య వేరు. అచ్చట కొక్కెమున తినదగిన వస్తువేదియు ఉండదు. కోడి మెడ ఈక ఒకటి, కుందేలు చెవి బొచ్చు చిటికెడు, వాటిని బిగించి చుట్టిన పట్టుదారము, అంతే. నీటిలోనుండి చూచు చేపకు అది అప్పుడే వ్రాలిన చిన్న పురుగువలె కనిపించును. ఇంగ్లీషువారు దానిని ఫ్లై అనిరి. ఈగ అని అర్థము. మనము ఈక గాలమని పిలుచుకొనవచ్చును. ఈ గాలమునకు చిక్కు చేపలలో మిక్కిలి పేరెన్నికగన్నది ట్రౌటు.

ట్రౌటు ఒడలిపై చుక్కలు గల అందమైన చేప. వడిగా పారు నీరు, రాళ్ల నడుమ నురుగులు క్రక్కు నీరు, అడుగు కనిపించునంత తేటయైన నీరు దానికి ఇష్టము. అన్నిటికంటె ముఖ్యముగా ఆ నీరు చల్లగా ఉండవలెను. వేడిమి 20 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినచో బ్రౌన్ ట్రౌటునకు మేత సహింపదు; మరికొంత పెరిగినచో ప్రాణమునకే ముప్పు. మన కొర్రమీనును తలచుకొనుడు. చెరువు ఎండి బురదయైనను అది పైకి తల యెత్తి గాలి పీల్చుకొని బ్రతుకును; కుండలో కాసిని నీళ్లు పోసి సంతకు తెచ్చినను సంతలో ఎగిరిపడుచునే ఉండును. ట్రౌటును అట్టి కుండలో పెట్టినచో గడియ నిలువదు. ఇంత సుకుమారమైన చేప, ఐరోపా వాగులలో పుట్టినది, కాశ్మీరములోని లిద్దరు నదికి, కులూ లోయలోని బియాస్ నదికి, మన దక్షిణమున నీలగిరి జలాశయములకు ఎట్లు చేరినది? అది తనంతట తాను ఈది వచ్చినది కాదు. 1900కు పూర్వము కాశ్మీర జలములలో ఒక్క ట్రౌటు లేదు. ఆ రాక యొక్క చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము. అయితే చేపకంటె ముందు గాలము సంగతి కొంత చెప్పవలసి యున్నది. ఆ గాలముపై వ్యామోహము లేకున్నచో ఈ చేపను సముద్రములు దాటించు పూనిక ఎవరికిని కలిగియుండదు.

సుమారు 1,800 సంవత్సరములకు పూర్వము ఏలియన్ అను గ్రంథకర్త జంతువుల స్వభావమును గూర్చి గ్రీకుభాషలో ఒక గ్రంథము వ్రాసెను. మాసిడోనియా దేశమున ఆస్ట్రేయస్ అను నదిలో చుక్కల చేపలు గలవనియు, అవి నీటిపై ఆడు ఒకజాతి ఈగలను తినుననియు, అచ్చటి జాలరులు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడదగ్గరి ఈకలు రెండు కట్టి వాటిని పట్టుదురనియు ఆయన వర్ణించెను. నిజమైన ఈగను కొక్కెమునకు ఏల గ్రుచ్చరాదు? మనిషి చేయి తగిలినంతనే ఆ ఈగ రంగు పోవును, రెక్కలు నలుగును, చేప దానిని ముట్టదని ఏలియన్ చెప్పిన కారణము. మనకు లభించిన వ్రాతలలో ఈక గాలమును గూర్చిన స్పష్టమైన వర్ణనలలో ఇదియే మొదటిది. గెడ ఆరడుగులు, త్రాడు ఆరడుగులని కొలతలు కూడ ఇచ్చినాడు.

తరువాత చాలకాలము ఈ విద్య వ్రాతకెక్కక చేతినుండి చేతికి నడచినది. 1496లో లండను సమీపమున వెస్ట్‌మినిస్టరులో అచ్చయిన ఒక ఇంగ్లీషు గ్రంథమున పండ్రెండు విధముల ఈక పురుగులను కట్టు విధానము కలదు. జూలియానా బెర్నర్స్ అను సన్యాసిని దానిని రచించినదని ప్రసిద్ధియే గాని ఆధారములు చాలవు. 1653లో ఐజాక్ వాల్టన్ ప్రకటించిన గ్రంథము లోకప్రసిద్ధము. కాని వాల్టనునకు ఈక గాలమున అంత ప్రావీణ్యము లేదు. 1676లో ఆ గ్రంథమునకు రెండవ భాగము చేర్చిన ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్ అసలైన నేర్పరి. కొండలలో డవ్ నది ఒడ్డున ఆయన నివాసము. ఏ మాసమున నదిపై ఏ పురుగు లేచును, దానిని ఏ రంగు దారముతో ఏ ఈకతో కట్టవలెను అని జనవరి మొదలు డిసెంబరు వరకు ఆయన పట్టిక వేసెను. ఒకవిధముగ అది చేపల పంచాంగము.

ఆ పంచాంగమునకు మూలము పురుగుల జీవితమున ఉన్నది. తొలకరి వానకు పుట్టలనుండి ఉసిళ్లు లేచి, దీపముచుట్టు ఒక సాయంకాలము తిరిగి, రెక్కలు రాల్చుకొని పోవుట మనము చూచుచునే ఉందుము. మేఫ్లై అను పురుగుది దాదాపు అట్టి బ్రతుకే; కాని దాని పుట్ట నీటి అడుగున ఉన్నది. ఏడాది, ఒక్కొక్క జాతిలో రెండేండ్లు, రాళ్ల క్రింద పిల్లపురుగుగా ప్రాకుచుండును. ఒకనాడు పైకి తేలి, చర్మము విడిచి, రెక్కలు విప్పి ఎగురును. రెక్కలు వచ్చిన తరువాత దానికి తినుటకు నోరే పనిచేయదు. జతకూడి, నీటిపై గ్రుడ్లు పెట్టి, గంటలలోనో ఒకటి రెండు దినములలోనో మరణించును. ట్రౌటు ఆ లేచు క్షణమును కనిపెట్టియుండును. ఆల్‌ఫ్రెడ్ రోనాల్డ్స్ అను నతడు నది ఒడ్డున ఒక పాక వేసికొని, అందుండి చేపల చర్యలను గమనించి, 1836లో అసలు పురుగును, కట్టిన పురుగును ప్రక్కప్రక్కన చిత్రించి ఒక గ్రంథము వెలువరించెను. వేటగాని వినోదము ఆ గ్రంథముతో కీటకశాస్త్రమునకు చుట్టమైనది.

వేట ఋతువు తొలిదినములకు ఈ విద్యలో ప్రత్యేక స్థానము కలదు. బ్రౌన్ ట్రౌటు శరత్కాలపు చివరను, చలికాలపు మొదటను గ్రుడ్లు పెట్టును. ఆడుచేప వాగు అడుగున గులకరాళ్లను తోకతో త్రవ్వి గుంట చేసి, గ్రుడ్లు విడిచి, రాళ్లతో కప్పివేయును. అందువలన ఆ నెలలలో వేట నిషేధింతురు. హిమాచల ప్రదేశమున నవంబరు 1 నుండి ఫిబ్రవరి చివరివరకు ఈ నిషేధమున్నది. మార్చిలో వేటగాడు నది చేరునప్పటికి చేప చిక్కి, నీరసించి, లోతైన మడుగులలో అడుగుబట్టి యుండును. నీరు ఇంకను మంచు స్పర్శ వీడలేదు. చేప దేహమునకు తనదైన వేడిమి లేదు. నీటి చలియే దాని చలి. కనుక కదలిక మందము, ఆకలి స్వల్పము.

మన జాలరులు వేకువజామున బయలుదేరుదురు. తొలి ఋతువున ట్రౌటునకై వేకువనే పోయినవాడు చలికి వణకుటయే గాని ఫలము పొందడు. ఎండ నడినెత్తికి వచ్చి నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కవలెను. అప్పుడు, మధ్యాహ్నము పదకొండు మొదలు రెండు గంటల లోపుగా, ఆలివ్ డన్, మార్చి బ్రౌన్ అను పేర్లు గల చిన్న పురుగులు లేచును. మార్చి బ్రౌన్ పేరులోనే మాసము కలదు. ఆ కొద్ది సేపు తప్ప తక్కిన వేళ చేప పైకి చూడదు; పిల్లపురుగులు అడుగున రాళ్ల సందున ఉన్నవి గనుక గాలమును కూడ అడుగునకే పంపవలెను. ఈకతో పాటు సన్నని తీగ చుట్టి బరువెక్కించి, ప్రవాహమునకు అడ్డముగ విసరి, నీరు దానిని సహజముగ ఈడ్చుకొనిపోవునట్లు వదలవలెను. త్రాడు కొంచెము బిగిసినను పురుగు నడక చెడును. చేప మోసము గ్రహించును.

కొండ సరస్సులలో కథ మరొక తీరు. నీటికి 4 డిగ్రీలవద్ద సాంద్రత హెచ్చు. కాబట్టి చలికాలమున పైన మంచుపలక కట్టినను అడుగునీరు సుమారు 4 డిగ్రీలవద్ద నిలిచి చేపను కాపాడును. వసంతమున మంచు కరగి పైనీరు కూడ ఆ వేడిమికి వచ్చినప్పుడు, గాలి తాకిడికి సరస్సు యావత్తు పైనుండి అడుగువరకు కలిసిపోవును. ప్రాణవాయువు లోతులకు దిగును. ఎండకు మొదట వేడెక్కునవి ఒడ్డు లోతులేని నీళ్లు, వాగులు వచ్చి కలియు మూలలు. ఆకలిగొన్న చేపలు అచ్చటికి చేరి, ఒడ్డువెంబడి గస్తీ తిరుగునట్లు తిరుగుచుండును. పది గజముల దూరమున చేప ఉండగా, నడుమ లోతుకు గాలము విసరి నిరాశపడుట క్రొత్తవారి అలవాటు.

ఈ విద్యలో మతభేదములు లేకపోలేదు. 1880 తరువాత ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ నీటిపై తేలు పురుగునే, పైకి వచ్చి తినుచున్న చేపకే వేయవలెనని శాసించెను. ఆయన శిష్యులు దానిని ధర్మశాస్త్రము చేసిరి. స్క్యూస్ అను న్యాయవాది 1910లో ఒక పుస్తకము వ్రాసి, చేప నూటికి చాలపాలు నీటిలోపలనే తినునప్పుడు అడుగున వేయుట పాపమెట్లగునని ప్రశ్నించెను. 1938లో లండనులోని వేటగాండ్ర సంఘమున దీనిపై ఒక వాదసభయే జరిగినది. తినుటకు గాక తిరిగి నీట విడుచుటకు చేపను పట్టువారు సైతము ఇంత నిష్ఠతో తర్కించుట మనకు వింతగా తోచును. అయినను చేప ఏమి తినుచున్నదో గమనింపుమను స్క్యూస్ మాటయే తొలి ఋతువు వేటకు సరిపడినదని నా అభిప్రాయము.

ఇంతటి వ్యామోహము గలవారు పందొమ్మిదవ శతాబ్దిని భూగోళమంతట వ్యాపించిరి. ఎచ్చట కొండవాగు కనిపించినను వారికి అది ట్రౌటు లేని కొరతగా తోచినది. కాని ప్రాణముతో చేపను ఓడలో తెచ్చుట అసాధ్యము. గ్రుడ్లు తేవలెను. చేపల గ్రుడ్లను కృత్రిమముగ ఫలింపజేయు పద్ధతిని జర్మనీలో జాకోబీ 1760 దశకములోనే ప్రకటించెను. 1840 దశకమున ఫ్రాన్సు దేశపు వోజ్ కొండలలో జోసెఫ్ రెమీ అను సామాన్య జాలరి దానిని తనంతట తాను తిరిగి కనుగొనెను. ఆడుచేప పొట్టను మెల్లగా నిమిరి పళ్లెములోనికి గ్రుడ్లు రాల్చి, మగచేప వీర్యమును కలిపి, చల్లని పారునీటిలో ఉంచుట ఆ పద్ధతి. 10 డిగ్రీల నీటిలో గ్రుడ్డు పగులుటకు సుమారు నలుబది దినములు పట్టును. 5 డిగ్రీలైనచో ఎనుబదికి మించును. నీరు ఎంత చల్లనిదైన కాలము అంత సాగును. సముద్రయానమునకు కావలసిన రహస్యము ఇందే యున్నది.

ఆ రహస్యమును సాధించినవాడు జేమ్స్ యూల్. ఆస్ట్రేలియా దక్షిణమునగల టాస్మేనియా ద్వీపమునకు సాల్మన్ చేప గ్రుడ్లను పంపవలెనని అతని సంకల్పము. 1860లో ఒకమారు, 1862లో మరొకమారు చేసిన యత్నములు విఫలమైనవి. భూమధ్యరేఖ దాటునప్పటికి మంచు కరగి గ్రుడ్లు చచ్చినవి. అప్పుడతడు లండనులోని వెన్‌హామ్ లేక్ మంచు కంపెనీ నేలమాళిగలో పరీక్షలు జరిపి, పారునీరు అక్కరలేదనియు, తడినాచులో పొదిగి మంచుగడ్డల క్రింద పెట్టినచో గ్రుడ్లు మూడు నెలలకు పైగా సజీవముగ ఉండుననియు కనుగొనెను. ఆ కంపెనీ పేరు అమెరికాలోని ఒక సరస్సు పేరు. ఆ దేశపు సరస్సుల మంచును కోసి ఓడలలో ప్రపంచమంతట అమ్ముట అప్పటి పెద్ద వ్యాపారము. మద్రాసు సముద్రతీరమున 1842లో కట్టిన ఐస్‌హౌసు ఆ వ్యాపారపు గుర్తే. దానిని తరువాత వివేకానంద భవనముగ మన పెద్దలెందరో చూచియుందురు.

1864 జనవరిలో నార్‌ఫోక్ అను ఓడ ఇంగ్లండు విడిచినది. అందు లక్షకు పైగా సాల్మన్ గ్రుడ్లు. వాటితోపాటు, చివరి దినములలో మిత్రులు కానుకగా ఇచ్చిన సుమారు 3,000 ట్రౌటు గ్రుడ్లు. ఏప్రిల్ 15న ఓడ మెల్బోర్ను చేరినది. అచ్చటినుండి టాస్మేనియాలోని ప్లెంటీ నది ఒడ్డునకు పెట్టెలను తరలించిరి. మే నెలలో గ్రుడ్లు పగిలినవి. సాల్మన్ పిల్లలు వేల సంఖ్యలో పుట్టి, పెరిగి, సముద్రమునకు పోయి, మరల రాలేదు. అడుగక వచ్చిన అతిథియైన ట్రౌటు మూడు వందల పిల్లలతో నిలిచి, వంశమును పెంచి, అచ్చటినుండి న్యూజిలాండునకు కూడ పాకినది. అనుకొన్నది ఒకటి, అయినది మరొకటి.

అదే దశకమున మన దేశమునందును యత్నము జరిగినది. మద్రాసు వైద్యశాఖలో పనిచేయుచుండిన ఫ్రాన్సిస్ డే నీలగిరి వాగులకు ట్రౌటును తెప్పింపనెంచెను. భారతదేశపు చేపలను గూర్చి 1875-78 నడుమ మహాగ్రంథము ప్రకటించిన పండితుడాయనయే. చేపలను అంతగా ఎరిగినవాడైనను వేడిమిని జయింపలేకపోయెను, గ్రుడ్లు నశించినవి. టాస్మేనియాకు పోవు ఓడ ఉష్ణమండలమును దాటి మరల చల్లని దేశము చేరును. మన దేశమునకు వచ్చు పెట్టె ఉష్ణమండలములోనే దిగి, ఎండలో మైదానములు దాటి, కొండ ఎక్కవలెను. ఆ చివరి ప్రయాణమే అసలైన పరీక్ష.

1899లో బెడ్‌ఫర్డ్ ప్రభువు కాశ్మీర మహారాజు ప్రతాపసింగునకు 10,000 ట్రౌటు గ్రుడ్లను కానుకగా పంపెను. దారిలోనే అన్నియు చచ్చినవి. మరుసటి సంవత్సరము స్కాట్లండునుండి రెండవ విడత బయలుదేరినది. కాశ్మీరమునకు ఆనాడు రైలు లేదు. రావల్పిండి వరకు రైలు, అటుపై జీలం లోయ బాట. 1900 డిసెంబరు నెలలో పెట్టెలు శ్రీనగరము చేరినవి. చలికాలమును ఎన్నుకొనుటయే వారి బుద్ధిమంతతనము. శ్రీనగరములో తివాచీల కర్మాగారము నడుపుచుండిన ఫ్రాంక్ మిచెల్ అను స్కాట్లండువాడు కొన్ని పిల్లలను తన తోటలో పెంచెను. తక్కినవి దాచిగాం లోయకు పోయినవి. దాచిగాం అనగా పది గ్రామములని చెప్పుదురు. 1910లో నగరపు త్రాగునీటికై ఆ లోయను రక్షితప్రాంతము గావించిరి. అచ్చటి పల్లెలు లేచిపోయినవి, పేరు మిగిలినది. ఆ లోయ ముఖమున హార్వాన్ వద్ద వెలసిన పొదుగు కేంద్రమునుండి ట్రౌటు పిల్లలు లిద్దరు, సింధు, బ్రింగీ నదులకు పోయినవి. అచ్చటి సింధు, సింధు మహానది కాదు; జీలం ఉపనది. 1909లో కులూ అధికారియైన హావెల్ కాశ్మీరమునుండి గ్రుడ్లు తెప్పించి, కట్రాయిన్ సమీపమున మహిలీ వద్ద కేంద్రము పెట్టి బియాస్ నదిని నింపెను.

నీలగిరిలో జయము మరొక చేపకు దక్కినది. బ్రౌన్ ట్రౌటు ఆ కొండల వేడిమికి నిలువలేదు. పసిఫిక్ సముద్రపు అమెరికా తీరమునుండి వచ్చిన రెయిన్‌బో ట్రౌటు కొంచెము ఎక్కువ వేడిని సహించును. దాని ప్రక్కలపై ఇంద్రధనుస్సు ఛాయ మెరయును. మద్రాసు ప్రభుత్వము నియమించిన మత్స్యనిపుణుడు విల్సన్ 1906, 1907 సంవత్సరములలో సింహళమునుండి దానిని తెచ్చి, అవలాంచి వద్ద పొదుగు కేంద్రము స్థాపించెను. ఆ ప్రభుత్వముననే సర్ ఫ్రెడరిక్ నికల్సన్ మత్స్యశాఖకు పునాది వేయుచుండెను. కర్నూలువద్ద తుంగభద్ర ఒడ్డున సుంకేసులలో చేపల క్షేత్రము నెలకొల్పినది కూడ ఆ శాఖయే. ఒక చేతితో కొండపైన దొరల వినోదమునకు ట్రౌటు, రెండవ చేతితో క్రింద కాలువలలో రాయలసీమ ప్రజల ఆహారమునకు చేప. ఒకే శాఖ పనులివి. ఏ చేతికి ఎక్కువ పేరు వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు.

కాశ్మీరపు నదులను భాగములుగ విభజించి, ఒక్కొక్క భాగమును దినమునకు ఇంతమందికని పత్రములిచ్చు పద్ధతి ఏర్పడినది. ఏప్రిల్ మొదట, బాదము పూలు రాలుచుండగా, ఊటలనుండి పుట్టు కోకర్నాగ్, బ్రింగీ జలములు తేటగా, తక్కువగా ఉండును. ఈక గాలమునకు అదియే అదను. మే, జూన్ మాసములలో పైమంచు కరగి లిద్దరు, సింధు నదులు ఉప్పొంగి తెల్లబారును. చేపకు పురుగు కనిపింపదు. పదకొండు, పన్నెండు వేల అడుగుల ఎత్తునగల గంగాబల్, విశన్‌సర్ సరస్సులు అప్పటికిని మంచుక్రిందనే ఉండి, జూలైలో గాని దారి ఇయ్యవు. తొలి ఋతువు ఒక తేదీ కాదు. లోయలో ఆరంభమై నెలకొక మెట్టుగ కొండ నెక్కుచుండును. గోదావరిలో వరదనీటికి పులస ఎదురెక్కు దినములను మన జాలరులు ఎట్లు లెక్కింతురో, అచ్చటి వేటగాండ్రు మంచుకరగును అట్లు లెక్కింతురు.

ఈ వినోదమున మన అడవులకు కూడ ఒక పాత్ర ఉన్నది. అది సంతోషింపదగినది కాదు. గోదావరికి దక్షిణమున మన అడవులలో నివసించు బూడిదవన్నె అడవికోడి పుంజు మెడపై ఈకలకు చివర లక్కతో దిద్దినట్లు మెరయు పసుపు చుక్కలు గలవు. ఈక పురుగునకు కన్నుగా కట్టుటకు అంతకు మించినది లేదని ఇంగ్లండులో ప్రసిద్ధి. ఆ ఈకలకై ఎన్ని పుంజులను చంపిరో! 1902లోనే ప్రభుత్వము అడవిపక్షుల ఈకల ఎగుమతిని నిషేధించినను దొంగచాటు వ్యాపారము ఆగలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ పక్షికి రక్షణ కల్పించినది.

ట్రౌటు వచ్చిన నీళ్లు ఖాళీగా ఉన్నవా అను ప్రశ్నను ఆ కాలమున అడిగినవారు అరుదు. కాశ్మీరపు వాగులలో తరతరాలుగా మంచుట్రౌటు అని దొరలు పిలిచిన చేపలు గలవు. పేరునకు ట్రౌటే గాని అవి మన బొచ్చె, శీలావతుల కుటుంబమునకు చెందినవి. కాశ్మీర ప్రజల పళ్లెములోని చేప అదియే. ట్రౌటు చిన్నచేపలను, గ్రుడ్లను తినును. ఒకే రాతి క్రింది చోటుకై, ఒకే పురుగుకై స్థానిక చేపతో పోటీపడును. హిమాలయ వాగులలో స్థానిక మత్స్యములు తగ్గుటకు ఆనకట్టలు, కాలుష్యములతో పాటు ఇదియు ఒక కారణమని శాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు. పత్రము కొనగల అతిథికి నది తెరచి, ఆ ఒడ్డున పుట్టినవానిని కావలివాడు తరుమునట్టి ఏర్పాటు కొంతకాలము సాగినది. దీనిని మరచి ఈ చరిత్రను కేవలము సాహసగాథగ చెప్పుట న్యాయము కాదు.

1947 తరువాత ఈ చేప నిలుకడ మారినది. పొదుగు కేంద్రములు రాష్ట్రప్రభుత్వముల మత్స్యశాఖల చేతికి వచ్చినవి. 1980 దశకమున కోకర్నాగ్‌లో ఐరోపా సంఘపు సహాయముతోను, కులూ సమీపమున పట్లీకూల్‌లో నార్వే దేశపు సహాయముతోను ఆహారమునకై ట్రౌటును పెంచు క్షేత్రములు వెలసినవి. నేడు హిమాచల, కాశ్మీర లోయలలో పొలము ప్రక్కన సిమెంటు కాలువ కట్టుకొని, వాగునీరు మళ్లించి, రెయిన్‌బో ట్రౌటును పెంచి అమ్ముకొను రైతు కుటుంబములు ఎన్నియో గలవు. దొరల వేటచేప రైతు పంటగా మారుటకు నూరేండ్లయినను పట్టలేదు. ఆ మార్పు తెచ్చినవారు గ్రంథములు వ్రాసిన వేటగాండ్రు కారు; చలికాలపు రాత్రులలో దీపము పట్టుకొని తొట్లవద్ద కూర్చుండి, చచ్చిన గ్రుడ్డు తెల్లబడినంతనే దానిని ఒక్కొక్కటిగ ఏరి పారవేసిన కేంద్రముల కూలీలు. ఒక్క చచ్చిన గ్రుడ్డుపై పుట్టిన బూజు పళ్లెమునంతటిని చంపగలదు. వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు.

అయితే ఈ పంటకును వేటకును ఒకే మూలధనము, చల్లని నీరు. 2024 జనవరిలో గుల్మార్గు కొండలపై మంచు పడక నేల కనిపించినది. 2025 ఫిబ్రవరిలో అనంతనాగ్ జిల్లాలోని అచ్చబల్ ఊట ఎండినది. నూర్జహాను కాలమునాటి మొగలు ఉద్యానవనము ఆ ఊటనీటితోనే నిండును. ట్రౌటు కేంద్రము కూడ దానినే ఆశ్రయించి యున్నది. కొండమీది మంచు చలికాలమున పేరుకొని, వసంతమున కొంచెము కొంచెముగ దిగుటచేతనే తొలి ఋతువు అను మాటకు అర్థము కలిగినది. మంచు పడకున్నచో నదిలో మార్చియు ఉండదు, మార్చి బ్రౌనును ఉండదు.

ఇంతలో ఈ చేప మన గుమ్మమునకే వచ్చినది. హైదరాబాదు సమీపమున రంగారెడ్డి జిల్లా కందుకూరువద్ద, యంత్రములతో చల్లబరచి, వడకట్టి, మరల మరల త్రిప్పు నీటి తొట్లలో రెయిన్‌బో ట్రౌటును పెంచుచున్నారు. యూల్ నేలమాళిగలో మంచుగడ్డ చేసిన పనిని నేడు విద్యుచ్ఛక్తి చేయుచున్నది. వెలుపల వైశాఖపు ఎండ మండుచున్నను తొట్టిలోని చేపకు ఆ సంగతి తెలియదు. కాలము తప్పక పడు మేతగుళికలకై పైకి వచ్చి, నోరు తెరచి, మరల అడుగునకు పోవుచుండును.